అటెన్‌బరో ఇంటిపేరు: ఎందరున్నారు, ఎక్కడున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఇంటిపేర్ల లెక్కలు, వాటి మ్యాపులు చూసేవారికి మొదట కలిగే సందేహాలన్నీ ఒకే పేరు పట్టుకుని తీర్చవచ్చు. అందుకు అటెన్‌బరోను ఎంచుకున్నాం. ఈ పేరు అరుదైనది. పుట్టిన ఊరు తెలుసు. పైగా దీని మీద జన్యుశాస్త్రజ్ఞుల పరిశోధన కూడా జరిగింది. ఇలా మూడూ కలిసివచ్చే పేర్లు తక్కువ.

అటెన్‌బరో అరుదైన పేరంటారేమిటి? అందరికీ తెలిసిందే కదా?

తెలియడం వేరు, ఎక్కువమందికి ఉండడం వేరు. మనకు తెలిసిన అటెన్‌బరోలు ఇద్దరు. ఒకరు 1982లో గాంధీ జీవితాన్ని సినిమాగా తీసిన రిచర్డ్, మరొకరు జంతుప్రపంచాన్ని టీవీలో చూపించిన డేవిడ్. ఇద్దరూ అన్నదమ్ములే. అంటే మనకు తెలిసింది ఒక్క కుటుంబం.

స్మిత్ పేరున్నవారు నేటి బ్రిటన్‌లో 5 లక్షలకు పైనే. అటెన్‌బరో మాత్రం వెయ్యి చుట్టుపక్కల తిరిగే పేర్ల తరగతిలోది. వంద స్మిత్ కుటుంబాల మధ్య పెరిగిన ఆంగ్లేయుడు ఒక్క అటెన్‌బరోనైనా ముఖాముఖి చూడకుండానే జీవితం గడిపేయవచ్చు.

ఎంతమంది ఉంటే అరుదు అంటారు?

ప్రభుత్వం గీసిన గీత ఏదీ లేదు. ఎవరి అవసరాన్ని బట్టి వారు గీసుకుంటారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన బ్రిటన్, ఐర్లాండ్ ఇంటిపేర్ల నిఘంటువు నేటి పేర్లలో కనీసం వందమందికి ఉన్నవాటిని తీసుకుంది. అలా చూసినా అందులో 45 వేలకు పైగా పేర్లు చేరాయి. జన్యు పరిశోధకుల గీత ఇంకోచోట ఉంటుంది. వారికి కావలసింది తలల లెక్క కాదు, ఆ పేరును మొదట పెట్టుకున్నవారు ఎందరన్నది.

మొత్తం దేశాన్ని చూస్తే పేర్ల పంపకంలో సమానత్వం బొత్తిగా లేదు. కొద్దిపాటి పేర్లు కోట్లమందిని మోస్తాయి, మిగతా లక్షల పేర్లు తలా కొంతమందిని. ఆరోగ్య సేవల రిజిస్టరు ఆధారంగా ఇంగ్లండ్, వేల్స్‌లకు 2002లో తయారైన ఒక జాబితాలో దాదాపు 2 లక్షల 70 వేల వేర్వేరు ఇంటిపేర్లు తేలాయి. అదీ ఐదుగురి కంటే తక్కువమందికి ఉన్న పేర్లన్నీ తీసేసిన తర్వాత!

ఈ అరుదైన పేర్లన్నీ పాత ఆంగ్ల పేర్లేమో అనుకోకండి. వాటిలో పెద్ద భాగం గత డెబ్బై ఎనభై ఏళ్లలో బయటి దేశాల నుంచి వచ్చినవారివి. లండన్‌లోనో లెస్టర్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం తన ఇంటిపేరును పాస్‌పోర్టులో పూర్తిగా రాయించుకుంటే, బ్రిటిష్ లెక్కల్లో అది అత్యంత అరుదైన పేర్ల సరసన చేరుతుంది. అక్కడ అరుదు, ఇక్కడ ఊరంతా వాళ్లే కావచ్చు. ఒక పేరు అరుదుగా ఉందంటే అది పాతదనీ కాదు, అంతరిస్తోందనీ కాదు.

ఈ పేరు ఎక్కడ పుట్టింది?

ఇంగ్లండ్ నడిబొడ్డున నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీలో, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరుంది. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతిగా ఎనిమిది కిలోమీటర్ల దూరం. చార్లెస్ రాజుపై తిరుగుబాటులో క్రామ్‌వెల్ పక్కన నిలిచిన సేనాని, ఆయన అల్లుడు హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఇక్కడే. నేడు ఆ ఊరి పేరు చెబితే స్థానికులకు గుర్తొచ్చేది మాత్రం కంకర తవ్వకాలతో ఏర్పడిన చెరువులు, వాటి చుట్టూ వెలసిన పక్షుల అభయారణ్యం.

ఊరి పేరు ఇంటిపేరైతే అందులో ఒక కిటుకు ఉంది. సొంత ఊళ్లో ఉన్నవాణ్ని ఊరి పేరుతో ఎవరూ పిలవరు, అక్కడ అందరూ ఆ ఊరివారే కాబట్టి. పొరుగూరికి వలస వెళ్లినప్పుడే ‘ఫలానా ఊరివాడు’ అవుతాడు. తెనాలి వారనే ఇంటిపేరు తెనాలి దాటాకే అవసరమవుతుంది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లోనూ అంతే. అందుకే ఇలాంటి పేర్లు మూల గ్రామంలో కాక, దాని చుట్టూ ఒక రోజు నడక దూరంలో ఉన్న ఊళ్లలో గుమిగూడి కనిపిస్తాయి. మ్యాపులో సరిగ్గా ఊరి మీదే చుక్క పడలేదని నిరాశపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఊరి పేరే అని ఖాయంగా చెప్పగలమా?

నిఘంటువులు ఇంకో దారి కూడా చూపిస్తాయి. పాత ఇంగ్లీషులో ‘కోట దగ్గర ఉండేవాడు’ అనే అర్థం వచ్చే మాటల కలయిక కూడా ఇదే రూపం తీసుకోగలదు. అలాగైతే కోటలున్న ప్రతిచోటా ఈ పేరు విడివిడిగా పుట్టి ఉండాలి, దేశమంతటా చెల్లాచెదురుగా కనిపించాలి. కానీ అటెన్‌బరోలు ఒకచోటే ముద్దగా ఉన్నారు, ఆ చోటు అటెన్‌బరో గ్రామం పరిసరాలే. అర్థాల తగవును ఇక్కడ మ్యాపు తీర్చేస్తుంది. నా దృష్టిలో ఇంటిపేరు మీద పుస్తకం చెప్పే వ్యుత్పత్తి కంటే, వందేళ్ల కిందటి మ్యాపులో అది ఎక్కడ చిక్కగా ఉందన్నదే బలమైన సాక్ష్యం.

అందరూ 1881 జనగణననే ఎందుకు పట్టుకుంటారు?

1881 ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో, వారి వయసు, వృత్తి, పుట్టిన ఊరు అన్నీ నమోదయ్యాయి. అంతకుముందువీ తర్వాతవీ జనగణనలు ఉన్నాయి గాని, 1881 పత్రాలన్నింటినీ వేలాదిమంది స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఎత్తిరాశారు. 1999లో అవి సీడీలుగా బయటికి వచ్చాయి. దేశం మొత్తాన్ని ఒక్కసారిగా కంప్యూటర్‌లో వెతకగలిగిన మొదటి పాత జనగణన అదే. అప్పటినుంచి ఇంటిపేర్ల మ్యాపులకు అదే కొలబద్ద అయింది.

ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి రైళ్లు వచ్చి యాభై ఏళ్లయినా, మోటారు కార్లు రాలేదు, ప్రపంచ యుద్ధాలు జరగలేదు. జనం కదిలారు గాని మూలాలు చెరిగిపోయేంతగా కాదు. పేరు పుట్టిన ఆరేడు వందల ఏళ్ల తర్వాత కూడా అది పుట్టిన జిల్లా ఏదో 1881 మ్యాపులో తెలిసిపోతుంది. ఇది మొదటిసారి చూసేవారికి నమ్మశక్యం కాదు.

మరి 1881లో అటెన్‌బరోలు ఎక్కడెక్కడ ఉన్నారు?

చిక్కటి రంగు పడేది నాటింగ్‌హామ్‌షైర్, డర్బీషైర్ కౌంటీల సరిహద్దులో. ఆ రెండింటినీ వేరు చేసే ఎరివాష్ అనే చిన్న ఏరు అటెన్‌బరో దగ్గరే ట్రెంట్‌లో కలుస్తుంది. ఏటికి అటూ ఇటూ ఉన్న స్టేపుల్‌ఫోర్డ్, బీస్టన్, లాంగ్ ఈటన్ లాంటి ఊళ్లు ఆనాడు లేసులు, మేజోళ్లు అల్లే పనికి పేరుమోసినవి. పని వెతుక్కుంటూ పల్లెల వాళ్లు అక్కడికి చేరారు. దూరం పోనక్కర్లేకుండానే బతుకుతెరువు దొరికింది కాబట్టి పేరు కూడా ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. 1839లో నాటింగ్‌హామ్, డర్బీల మధ్య రైలు మార్గం ఈ ఊరి పక్కనుంచే వెళ్లినా ఆ ముద్ద కరిగిపోలేదు.

రెండో చుక్క లండన్‌ది. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు కొట్టు. ఫ్లీట్ స్ట్రీట్‌లో, పికడిల్లీలో ఆ పేరుతో బోర్డులు ఉండేవి. గడియారం కుదువపెట్టి డబ్బు తెచ్చుకునే లండన్‌వాసికి ఆ పేరు బాగా పరిచయం. అయితే ఒక పేరు బోర్డుల మీద కనిపించినంతగా ఇళ్లలో ఉండకపోవచ్చు. పది దుకాణాలున్నా కుటుంబాలు రెండో మూడో అయి ఉండవచ్చు.

మ్యాపులో లండన్ ముదురు రంగులో ఉంది. పేరు అక్కడిదే అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఇది అందరూ పడే గోతి. మ్యాపు చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది తలల లెక్కా, సాంద్రతా?

ఊహకు ఒక లెక్క వేద్దాం. 40 లక్షల జనాభా ఉన్న మహానగరంలో ఒక పేరువాళ్లు 40 మంది ఉన్నారు. 50 వేల జనాభా ఉన్న చిన్న జిల్లాలో 25 మంది ఉన్నారు. తలల లెక్కలో నగరానిదే పైచేయి. కానీ పది లక్షలకు ఎందరని చూస్తే నగరంలో 10 మంది, చిన్న జిల్లాలో 500 మంది. యాభై రెట్లు తేడా! తలల లెక్క మ్యాపు ఏ పేరుకైనా లండన్‌నూ మాంచెస్టర్‌నూ ముదురుగా చూపిస్తుంది. అది పేరు మ్యాపు కాదు, జనాభా మ్యాపు.

సాంద్రతకూ ఒక బలహీనత ఉంది. చాలా చిన్న జిల్లాలో ఒకే పెద్ద కుటుంబం, తల్లిదండ్రులూ తొమ్మిదిమంది పిల్లలూ చేరినా అక్కడ రంగు చిక్కబడుతుంది. అరుదైన పేర్లకు రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టుకోవడమే మేలు. అనుమానం వస్తే ఆ జిల్లాలోని కుటుంబాలు ఎన్నో విడదీసి లెక్కపెట్టాలి. పేరు అరుదైనది కాబట్టి ఆ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది.

నాటింగ్‌హామ్‌షైర్ వాళ్లు డర్బీషైర్ లెక్కలో ఎలా పడతారు?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అటెన్‌బరో మ్యాపును తప్పుగా చదివేది ఇక్కడే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1 నుంచి జనన, వివాహ, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం మొదలుపెట్టింది. స్కాట్లండ్‌లో 1855లో మొదలైంది. ఇందుకోసం గీసిన రిజిస్ట్రేషన్ జిల్లాలు కౌంటీ సరిహద్దులను పట్టించుకోలేదు. పేదల సహాయం కోసం ఊళ్లను గుంపులుగా కలిపిన పాత యూనియన్లనే వాడుకున్నాయి. వాటిలో షార్డ్‌లో అనే జిల్లా ఒకటి. షార్డ్‌లో ఊరు డర్బీషైర్‌లో ఉంది. కానీ ఆ జిల్లా పరిధిలోకి నాటింగ్‌హామ్‌షైర్ ఊళ్లయిన అటెన్‌బరో, చిల్‌వెల్, స్టేపుల్‌ఫోర్డ్ కూడా వచ్చాయి, లెస్టర్‌షైర్ ఊళ్లు కొన్ని కూడా.

దీంతో అటెన్‌బరో గ్రామంలోనే పుట్టిన బిడ్డ కూడా జనన సూచికలో షార్డ్‌లో కింద కనిపిస్తుంది. జిల్లాను ఏదో ఒక కౌంటీకి కట్టేసే సాఫ్ట్‌వేర్ ఆ బిడ్డను డర్బీషైర్ ఖాతాలో వేస్తుంది. చూసేవారికి ఈ పేరు డర్బీషైర్‌దేమో అనిపిస్తుంది. ఇల్లు నాటింగ్‌హామ్‌షైర్‌లో, కాగితం డర్బీషైర్‌లో. కౌంటీల వారీ పట్టిక మాత్రమే చూసి తీర్పు చెప్పేవారిని నమ్మకండి. ఊళ్ల దాకా దిగి చూస్తేగాని తెలియదు.

స్పెల్లింగుల సంగతి ఏమిటి?

పేరు రాసినది పేరున్నవాడు కాదు, చర్చి గుమాస్తా. వినిపించినట్టు రాశాడు. అందుకే అటెన్‌బరో అని మనం తెలుగులో ఒకే తీరుగా రాసే పేరుకు రోమన్ లిపిలో నాలుగైదు రూపాలున్నాయి. చివరి భాగం ఒకచోట కోట అనే మాటలా, ఇంకోచోట కన్నం అనే మాటలా, మరోచోట దిబ్బ అనే మాటలా కనిపిస్తుంది. అన్నీ కలిపి లెక్కపెడితే పేరు పెద్దదవుతుంది, విడదీస్తే మరింత అరుదవుతుంది. ఒకే ఇంట్లో అన్నకు ఒక స్పెల్లింగు, తమ్ముడికి ఇంకొకటి కనిపించినా కంగారు పడక్కర్లేదు. అటెర్బరీ మాత్రం వేరే పేరు, దాన్ని ఇందులో కలపకూడదు.

ఈ పేరున్నవారంతా ఒకే వంశమా?

అసలు ఆసక్తి అంతా ఇక్కడే. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మగవారిలో ఉండే వై క్రోమోజోము కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. కనుక పేరును మొదట పెట్టుకున్నది ఒక్కడే అయితే, నేటి అటెన్‌బరో మగవారందరిలోనూ దాదాపు ఒకే వై క్రోమోజోము ఉండాలి.

దీన్ని మొదట పరీక్షించినది ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్. 2000లో తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షిస్తే దాదాపు సగం మందిలో ఒకే రకం కనిపించింది. తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ దీన్ని పెద్ద ఎత్తున చేశారు. 2006లో ఒకే ఇంటిపేరున్న 150 జంటలను తీసుకున్నారు. ఒకరికొకరు చుట్టరికం తెలియనివారినే ఎంచుకున్నారు. మొత్తం మీద నాలుగోవంతు జంటల్లో దగ్గరి పూర్వీకుడు కలిశాడు. పేర్లలో అరుదైన సగాన్ని మాత్రమే తీసుకుంటే దాదాపు సగం జంటల్లో కలిశాడు. 2009లో 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవారు. ఆ నలభైలో అటెన్‌బరో ఒకటి.

ఫలితం గట్టిగానే వచ్చింది. అటెన్‌బరోలలోనూ, లాంకషైర్ మూలాలున్న స్విండిల్‌హర్స్ట్ పేరువారిలోనూ 70 శాతానికి పైగా మగవారిలో వై క్రోమోజోము ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం. స్మిత్‌ల విషయంలో ఏమీ తేలలేదు. ఇద్దరు స్మిత్‌ల మధ్య ఉన్న పోలిక, వీధిలో వెళ్లే ఏ ఇద్దరి మధ్యనైనా ఉండే పోలికే. స్మిత్ అంటే కమ్మరి. కొలిమి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆ పేరు పుట్టింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 దాకా లెస్టర్‌లో యూనివర్సిటీ కాలేజీ ప్రిన్సిపల్. ఆ కాలేజీయే తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయం అయింది. ఆయన ఇంటిపేరు గుట్టు విప్పింది అదే విద్యాసంస్థ.

అందరూ ఒకే వంశమైతే 70 శాతమే ఎందుకు? నూటికి నూరు ఎందుకు రాలేదు?

పేరు, రక్తం ఎప్పుడూ కలిసి నడవవు. దత్తత తీసుకున్న కొడుకు, పెళ్లికాని తల్లి తన పేరే పెట్టుకున్న కొడుకు, ఆస్తి కోసం మేనమామ పేరు పెట్టుకున్నవాడు, గుట్టుగా వేరే తండ్రికి పుట్టినవాడు, అందరూ పేరు మోస్తారు గాని ఆ వై క్రోమోజోమును మోయరు. లెస్టర్ పరిశోధకుల అంచనాలో ఇలాంటి తెగుదల తరానికి 1 నుంచి 4.5 శాతం మధ్య ఉంటుంది.

చిన్నదిగా కనిపించే ఆ అంకె ఏడు వందల ఏళ్లలో ఏం చేస్తుందో చూడండి. తరానికి ముప్పై ఏళ్లనుకుంటే 23 తరాలు. తరానికి 2 శాతం తెగితే 23 తరాల తర్వాత మొదటి క్రోమోజోముతో మిగిలేది నూటికి 63 మంది. 1 శాతమే తెగితే 79 మంది. అటెన్‌బరోలలో 70 పైన దక్కిందంటే అది మెచ్చుకోదగ్గ నిలకడే. ఇందులో నీతి తప్పారని ఎవరినీ అనడానికి లేదు, దత్తతలూ తల్లి పేర్లూ అందులోవే.

రాజుల ఇళ్లలోనూ ఇదే కథ. 2012లో లెస్టర్ కారు పార్కింగు స్థలం కింద దొరికిన మూడో రిచర్డ్ రాజు అస్థికలను గుర్తించిన జన్యు పరిశోధనకూ టూరీ కింగే నాయకత్వం వహించారు. అక్క వైపు నుంచి ఆడవారి వరుసలో వచ్చిన జన్యువులు సరిపోయాయి. తండ్రుల వరుసలో కాగితాల ప్రకారం ఒకే పూర్వీకుడికి పుట్టిన నేటి ఐదుగురితో వై క్రోమోజోము పోల్చితే, రాజుతో ఒక్కరిదీ కలవలేదు. పైగా ఆ ఐదుగురిలో ఒకరిది మిగతా నలుగురితోనూ కలవలేదు.

అరుదైన పేరు పరిశోధనలో పనికొస్తుందనడానికి ఇంకో ఉదాహరణ ఉందా?

ఒక్కటి చెబుతాను. 2007లో ఇదే బృందం తూర్పు యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు మీద పనిచేసింది. ఆ పేరున్న ఒక ఆంగ్లేయుడిలో పశ్చిమ ఆఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనిపించని వై క్రోమోజోము దొరికింది. చూపుకూ తెలిసిన వంశవృక్షానికీ అతను అచ్చమైన యార్క్‌షైర్ మనిషి. అదే పేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో అదే రకం. ఆ ఏడుగురి వంశవృక్షాలు వెనక్కి గీస్తే 1780ల యార్క్‌షైర్‌లో రెండు కుటుంబాల దగ్గర ఆగాయి. ఆ రెండూ అంతకుముందెప్పుడో ఒకటే అయి ఉండాలి. అంటే రెండు శతాబ్దాలకు పైగా ఆ ఆఫ్రికన్ పూర్వీకుడి గుర్తు ఒక పల్లె ఇంటిపేరులో ఎవరికీ తెలియకుండా నడిచివచ్చింది. స్మిత్ లాంటి పేరులో అయితే ఆ జాడ పట్టుకోవడం అసాధ్యం.

డేవిడ్, రిచర్డ్ అటెన్‌బరోలు ఆ ఊళ్లోనే పుట్టారా?

లేదు. రిచర్డ్ 1923లో కేంబ్రిడ్జ్‌లో, డేవిడ్ 1926లో లండన్ శివారులోని ఐజల్‌వర్త్‌లో పుట్టారు. పెరిగింది లెస్టర్‌లో. కానీ తండ్రి ఫ్రెడరిక్ 1887లో పుట్టింది స్టేపుల్‌ఫోర్డ్‌లో. అటెన్‌బరో గ్రామం నుంచి అది నాలుగైదు కిలోమీటర్లే. పేరు పుట్టి అన్ని వందల ఏళ్లయినా ఆ కుటుంబం అప్పటికి దాటింది అంత దూరమే. ఆ తర్వాత ఒక్క తరంలో లండన్, హాలీవుడ్, అంటార్కిటికా. అటెన్‌బరో ఊరి అభయారణ్యాన్ని 1966లో ప్రారంభించింది డేవిడే, 2005లో అక్కడి సందర్శకుల కేంద్రాన్ని ప్రారంభించిందీ ఆయనే.

కొన్ని పేర్లు పెరిగి, కొన్ని మాయమైపోవడానికి కారణం ఏమిటి?

చాలావరకు అదృష్టం. కొడుకులు పుట్టని ఇంట్లో పేరు ఆగిపోతుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1873లో ఇదే ప్రశ్నను లెక్కగా అడిగాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. మగవాడికి సగటున ఒక్క కొడుకే మిగిలే సమాజంలో ఏ పేరైనా కాలక్రమంలో పోయి తీరుతుందని అది తేల్చింది. జనాభా పెరుగుతున్నా అంతేనని కూడా వాట్సన్ అన్నాడు గాని, అది పొరపాటు లెక్క. పెరిగే సమాజంలో కొన్ని పేర్లు నిలుస్తాయి. ఆ సమీకరణాలే తర్వాత అణు విస్ఫోటనాల శృంఖల చర్యలను లెక్కకట్టడానికీ అక్కరకొచ్చాయి.

పద్నాలుగో శతాబ్దపు ప్లేగులో ఇంగ్లండ్ జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా పోయింది. అప్పుడే స్థిరపడుతున్న ఇంటిపేర్లు ఎన్నో ఆ దెబ్బకే తుడిచిపెట్టుకుపోయాయి. బతికిన కొద్దిమంది నుంచి మళ్లీ పెరిగినవే నేటి అరుదైన పేర్లు. ఒకే మగవాడి సంతతి పేరంతటా పరుచుకోవడానికి ఇదీ ఒక కారణం.

పత్రికల్లో వచ్చే ‘అంతరించిపోతున్న ఇంటిపేర్లు’ జాబితాలు నమ్మవచ్చా?

వినోదానికి చదవండి. ఆ జాబితాల్లో సగం పేర్లు గుమాస్తా రాతను తప్పుగా చదవడం వల్ల పుట్టిన దయ్యాలు. జనగణనలో ఒక్కసారి కనిపించి మళ్లీ కనిపించని పేరుంటే, అది అంతరించిన పేరు కాదు, బహుశా ఎప్పుడూ లేని పేరు. నిజంగా అంతరించిందని చెప్పాలంటే కనీసం రెండు తరాలపాటు వేర్వేరు రికార్డుల్లో దాన్ని చూపించి, ఆ తర్వాత లేదని చూపించాలి. ఆ శ్రమ ఎవరు పడతారు?

ఇప్పటి లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ఓటర్ల జాబితా ప్రధాన ఆధారం. అయితే 2002 తర్వాత బయటికి అమ్మే జాబితా నుంచి తమ పేరు తీసేయమని కోరే హక్కు వచ్చింది. చాలామంది తీసేయించుకున్నారు. అందువల్ల ఆ తర్వాతి లెక్క ముందటి దానికంటే తక్కువగా కనిపిస్తే పేరు తగ్గిందని కాదు. పైన చెప్పిన 2002 ఆరోగ్య రిజిస్టరు జాబితాది ఎదురు సమస్య. చనిపోయినవారూ, దేశం విడిచినవారూ కొందరు అందులో ఇంకా బతికే ఉన్నారు. రెండు ఆధారాల అంకెలు కలవకపోతే ఆశ్చర్యపోకండి, కలిస్తేనే అనుమానించండి.

వేరే పేరు మీద ఇలాంటి పని మొదలుపెట్టాలంటే?

ముందు 1881 మ్యాపు, సాంద్రతతో. తర్వాత 1837 నుంచి ఉన్న జనన సూచికలు. ఆ తర్వాత చర్చి రిజిస్టర్లు, ఇవి 1538 నుంచి మొదలవుతాయి. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే 1660ల నాటి పొయ్యి పన్ను జాబితాలు, 1377 నుంచి 1381 వరకు వేసిన తలపన్ను జాబితాలు ఉన్నాయి. మ్యాపులో ముద్ద ఎక్కడ ఉందో అదే జిల్లాలో తలపన్ను జాబితాలోనూ పేరు కనిపిస్తే గట్టి ఆధారం దొరికినట్టే. ఒకే పేరు మీద ఏళ్ల తరబడి పనిచేసేవారికి 1979లో ఏర్పడిన ఒక సంఘం కూడా ఉంది. మీ పేరు మీద ఇప్పటికే ఎవరైనా పనిచేస్తున్నారేమో ముందు అక్కడ చూసుకోండి.

1890లో గపీ అనే ఆయన రాసిన పాత పుస్తకం ఇప్పటికీ కొందరు వాడుతుంటారు. ఆయన రైతులను మాత్రమే లెక్కపెట్టాడు, ఊరు వదలనిది వారేనని. ఆలోచన మంచిదే. కానీ కౌంటీలో పదివేల మందికి ఏడుగురైనా లేని పేర్లను వదిలేశాడు. అరుదైన పేరు కోసం వెళ్లేవారికి ఆయన దగ్గర దొరికేది తక్కువ.

మన ఇంటిపేర్లకు ఈ పద్ధతి పనికొస్తుందా?

ఊళ్ల పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు మనకూ బోలెడు కాబట్టి ఆశ కలగడం సహజం. అడ్డంకి ఆధారాల దగ్గరే వస్తుంది. మన జనగణన వ్యక్తుల పేర్లను ఎన్నేళ్లయినా బయటపెట్టదు. ఓటర్ల జాబితాల్లో ఇంటిపేరు కొందరికి పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క పొడి అక్షరమే. అదీగాక మన దగ్గర ఒక ఊరి పేరును వేర్వేరు కులాలవారు విడివిడిగా ఇంటిపేరు చేసుకున్న సందర్భాలు ఎన్నో. మ్యాపు ఊరిని చూపించగలదు గాని వంశాన్ని చూపించలేదు.

తర్వాతి జనగణన పత్రాలు ఎప్పుడు బయటికి వస్తాయి?

బ్రిటన్‌లో వందేళ్లు నిండాకే తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 పత్రాల కోసం మాత్రం ఎదురుచూడకండి, అవి 1942 డిసెంబరులో గోదాము అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు. ఆ మధ్యకాలానికి 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం రాసిన రిజిస్టరు ఒక్కటే దిక్కు. 1951 నాటివి చూడాలంటే 2052 దాకా ఆగాలి.